చక్రం ఎత్తి చూడకుండానే ‘ఓకే’ అంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఘాట్‌లోనో బైపాస్‌లోనో కారు అదుపు తప్పిందన్న వార్త వస్తే అందులో ‘స్టీరింగ్ పట్టేయడంతో’ అన్న ముక్క తరచూ కనిపిస్తుంది. కార్ల యజమానుల ఫిర్యాదులూ దాదాపు ఒకేలా ఉంటాయి. బండి ఒక పక్కకు లాగుతోంది, ముందు చక్రాల దగ్గర కటకటమంటోంది, సర్వీసుకిస్తే ‘చెక్ చేశాం, ఓకే’ అని రాసి ఇచ్చేశారు, వారం తిరక్కుండానే మళ్లీ అదే శబ్దం. మేం తిరుపతిలో, చిత్తూరులో కార్ల స్టీరింగ్, సస్పెన్షన్ పని చేసేవాళ్లం. ఈ ఫిర్యాదుల్లో నిజం ఉంది. కాకపోతే యజమానులు తప్పంతా కంపెనీ మీదికి తోస్తారు, కంపెనీవాళ్లు అంతా గుంతల మీదికి తోస్తారు. మధ్యలో చక్రం ఎత్తి చూసేవాడు లేడు, చూసింది కాగితం మీద పెట్టేవాడు అసలే లేడు. స్టీరింగ్ ఉన్నపళంగా తెగిపోవడం అరుదు. చాలాసార్లు నెలల ముందు నుంచే చెబుతూ ఉంటుంది.

ముందు తెగేదేమిటో చూద్దాం. స్టీరింగ్ తిప్పితే ఆ తిప్పు కాలమ్ (స్టీరింగ్ కింది కడ్డీ) గుండా, యూనివర్సల్ జాయింట్లు అనే కీళ్లున్న చిన్న షాఫ్టు గుండా ర్యాక్ అనే పళ్ల కడ్డీకి చేరుతుంది. ర్యాక్ అటూ ఇటూ జరిగి, రెండు కొసలా ఉన్న టై రాడ్లతో చక్రాలను తిప్పుతుంది. టై రాడ్ చివర ఉండేదే మేం ‘ఎండ్’ అనేది. అందులో ఉక్కు గుండు, అది కూర్చునే గిన్నె, గిన్నెలో గ్రీజు, మీద ఒక రబ్బరు టోపీ ఉంటాయి. మనిషి తుంటి కీలు ఎలాగో ఇదీ అలాగే. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింటుదీ ఇదే అమరిక. చెడిపోవడం టోపీతోనే మొదలవుతుంది. ఎండకు బిరుసెక్కిన రబ్బరుకు ముడత దగ్గర వెంట్రుకంత చిరుగు పడుతుంది. అందులోంచి గ్రీజు బయటికి కారి, వాన నీళ్లూ దుమ్మూ లోపలికి పోతాయి. గ్రానైట్ టిప్పర్లు తిరిగే రోడ్ల మీది రాతిపొడి చేరితే ఇంక చెప్పక్కర్లేదు, గిన్నెలో ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. గుండు అరుగుతుంది, గిన్నె నోరు వెడల్పవుతుంది, ఎండ్ ‘ఆడటం’ మొదలవుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ఏదో ఒక గుంతలో గుండు గిన్నెలోంచి ఊడి వచ్చేస్తుంది. టై రాడ్ ఎండ్ ఊడితే ఆ పక్క చక్రం స్టీరింగ్ మాట వినదు. లోయర్ బాల్ జాయింట్ ఊడితే చక్రం కింద బయటికి విరుచుకుని పడి, బండి ఆ మూల మీద కూలబడుతుంది.

రబ్బరు టోపీ అంటే చాలామందికి లెక్కలేదు గానీ, చట్టానికి ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది స్టీరింగ్ గురించే. స్టీరింగ్ లింకేజీలోని ప్రతి బాల్ జాయింటుకూ రబ్బరు టోపీ ఉండాలనీ, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ చేసి ఉండాలనీ, స్టీరింగ్ ఖాళీ ఆట (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఒట్టిగా తిరిగే మేర) 30 డిగ్రీలు దాటకూడదనీ అది చెబుతుంది. 30 డిగ్రీలంటే మామూలు కారు స్టీరింగ్ అంచున 9, 10 సెంటీమీటర్లు. చాలా కార్ల మాన్యువళ్లు ఒప్పుకునేది 3 సెంటీమీటర్ల లోపే. అంటే చట్టం గీసిన గీత దాకా వచ్చిన బండి మా లెక్కలో ఎప్పుడో షెడ్డుకు రావాల్సింది. చట్టం ప్రకారం సరిగ్గా ఉందని ఎవరైనా అంటే మురిసిపోకండి.

ఇంటి దగ్గరే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు ఒక పక్క జాకీతో ఎత్తండి. ఒట్టి జాకీ నమ్మి బండి కిందికి దూరొద్దు, స్టాండు పెట్టాల్సిందే. టైరును గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. ‘టిక్’ మని ఆడితే టై రాడ్ ఎండో, ర్యాక్ లోపలి ఎండో పోయినట్టు. ఇప్పుడు పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపండి. అప్పుడు ఆడితే వీల్ బేరింగో, బాల్ జాయింటో. ఏదో తేల్చడానికి ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట ఆగితే బేరింగ్. ఆగకపోతే బాల్ జాయింట్. ఇంత చిన్న సంగతి తెలియక బాల్ జాయింటుకు బదులు బేరింగ్ మార్చిన బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. మన చిన్న కార్లలో ముందుండేది స్ట్రట్ సస్పెన్షన్, అంటే స్ప్రింగూ షాకబ్జరూ ఒకటిగా నిలువుగా ఉండే అమరిక. బండి బరువు స్ప్రింగు గుండా స్ట్రట్ మీదికి పోతుంది, లోయర్ బాల్ జాయింట్ మీద పెద్దగా పడదు. అందుకని ఈ జాయింటును చక్రం వేలాడుతున్నప్పుడే, లోయర్ ఆర్మ్‌కూ నకిల్‌కూ (చక్రం బిగిసే ఇనుప దిమ్మ) మధ్య పొడవాటి టామీ రాడ్ పెట్టి ఎత్తి చూడాలి. ఆర్మ్ కిందే జాకీ పెట్టి ఎత్తితే స్ప్రింగు నొక్కుకుని జాయింట్ బిగిసి, అరిగినదైనా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. టై రాడ్ ఎండ్లకు దీనికి తిరుగుడు. చక్రాలు నేల మీద ఉండగా, ఇంజిన్ ఆన్ చేసి, ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపాలి. ఇంకొకరు ఎండ్ మీద వేలు పెట్టి పట్టుకోవాలి. లోపలి ఎండుకైతే ర్యాక్ రబ్బరు గొట్టం మీదుగా నొక్కి పట్టుకోవాలి. కంటికి కనబడని ఆట వేలికి తెలుస్తుంది. పదంటే పది నిమిషాల పని. సర్వీసు సెంటర్లలో ఎక్కువసార్లు జరగనిదీ ఇదే, ఎందుకంటే దీనికి ఇద్దరు మనుషులు కావాలి.

శబ్దాల విషయంలో జనానికి డబ్బు చాలా వృథా అవుతోంది. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద నెమ్మదిగా పోతుంటే కటకటమంటే ఎక్కువసార్లు అది స్టెబిలైజర్ లింక్ రాడ్, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కు కలిపే చిన్న రాడ్. వందల్లో తేలే వస్తువు. దానికి నాలుగు షాకబ్జర్లూ మార్చి వేలల్లో బిల్లు వేసేవాళ్లున్నారు. అనుమానముంటే రెండు పక్కలా లింక్ రాడ్లు విప్పి, అదే వీధిలో 20 కిలోమీటర్ల వేగం మించకుండా ఒక చుట్టు తిప్పండి. శబ్దం పోతే దొంగ దొరికినట్టే. నిలబడి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు ‘టంగ్’ మని ఎగిరితే స్ట్రట్ పైన ఉండే మౌంటింగ్ బేరింగ్ పట్టేసిందని అర్థం. స్టీరింగ్ తిప్పి వదిలితే దానంతట అది నడిమికి రాకపోవడానికీ తరచూ ఇదే కారణం. పూర్తిగా తిప్పి కదులుతుంటే టకటకమంటే అది స్టీరింగూ కాదు సస్పెన్షనూ కాదు, ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్టు జాయింటు. బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి ‘దబ్’ మని, బండి ముక్కు కొంచెం పక్కకు జరిగినట్టనిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్.

ఈ బుష్ దగ్గరే షెడ్లలో అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరుగుతోంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. బుష్ అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడుతుంటే ఆ రబ్బరే మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. బోల్టు బిగించేటప్పుడు బండి ఏ ఎత్తులో ఉంటే రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టు ఫుల్లుగా బిగించేస్తే, బండి దించగానే రబ్బరు మెలి పడిపోయి ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు ఇంకా మెలి పడుతుంది. కొత్త బుష్ కొన్ని నెలలకే చిరుగుతుంది. యజమాని ‘డూప్లికేట్ వేశారు’ అంటాడు, మెకానిక్ ‘రోడ్లు బాలేవు’ అంటాడు. సరైన పద్ధతి ఒకటే. బోల్టు చేతి బిగువుగా పెట్టి, బండిని చక్రాల మీదికి దించి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగువు కొలతకు) బిగించాలి. ఇంకో సంగతి, ఆర్మ్ వెనక బుష్‌లో రబ్బరు మధ్య ఖాళీలు వదిలి ఉంటాయి. వాటికి దిశ ఉంది, గుర్తు కూడా ఉంటుంది. ప్రెస్ మీద ఎలా పడితే అలా దించితే మొదటి రోజు నుంచే దబదబమంటుంది. సుత్తితో కొట్టి దించితే ఆర్మే వంకర పోవచ్చు.

టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు పాతది విప్పే ముందు ఎన్ని మరలు బయట ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి, లేదా కొలత తీసుకోవాలి. కొత్తది అంతే లోపలికి ఎక్కిస్తే అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా పోతుంది. పిన్ను కూర్చునే ఏటవాలు రంధ్రం పొడిగా, శుభ్రంగా ఉండాలి. అక్కడ గ్రీజు పూయకూడదు. గాట్ల నట్టయితే టార్క్‌కు బిగించాక స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి గానీ, వెనక్కి వదలకూడదు. పాత స్ప్లిట్ పిన్నును నిటారు చేసి మళ్లీ వాడొద్దు. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టయితే ఒకసారి విప్పింది ఇక చెత్తబుట్టకే. బిల్లులో పార్టు నంబరు రాయించుకోండి, ఖాళీ డబ్బా అడిగి తీసుకోండి. కొత్త ఎండ్ పిన్నును వేలితో కదిపితే గట్టిగా, బరువుగా కదలాలి. తలకాయ ఊపినట్టు తేలిగ్గా ఊగిపోతే డబ్బా మీద ఏ పేరున్నా తిరిగి ఇచ్చేయండి.

కాలమ్ కింది షాఫ్టు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. ర్యాక్‌ను జరిపే పళ్ల ఇరుసు, పినియన్ మీద షాఫ్టు గొట్టం ఎక్కి, ఒక అడ్డ బోల్టుతో బిగుస్తుంది. పినియన్‌కు ఒక గాడి ఉంటుంది. బోల్టు ఆ గాడిలోంచి పోతేనే షాఫ్టు పైకి జారకుండా ఉంటుంది. షాఫ్టు సరిగ్గా దిగకుండా బోల్టు బిగిస్తే కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది. ఆ తర్వాత ఒకరోజు స్టీరింగ్ చేతిలో తిరుగుతుంది, చక్రాలు తిరగవు. గేర్ బాక్సు పని కోసమో, ర్యాక్ పని కోసమో ఆ జాయింటు విప్పారంటే బోల్టు గాడిలో పడిందా లేదా అని మీరు అడగొచ్చు, వంగి చూడొచ్చు కూడా. విప్పేముందు స్టీరింగును నిటారుగా పెట్టి కదలకుండా కట్టేయాలి. కట్టకుండా వదిలితే అది చుట్లు తిరిగి లోపలి స్పైరల్ కేబుల్ (ఎయిర్‌బ్యాగ్‌కూ హారన్‌కూ పోయే వైరు చుట్ట) తెగుతుంది. ర్యాక్ పని చేయించుకుని వచ్చాక ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, హారన్ మోగకపోతే కారణం ఇదే. ‘అది వేరే సమస్య సార్’ అంటారు. వేరే ఏం కాదు.

షాకబ్జర్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఒళ్లంతా నూనె కారితే మార్చాలి. పైన పొరలా తడి కనిపించినంత మాత్రాన అక్కర్లేదు. మారిస్తే ముందు రెండూ, లేదా వెనక రెండూ జతగా మార్చాలి. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టి బండి ఎత్తు పెంచుకోవడం మాత్రం మాకు నచ్చని ఫ్యాషన్. ఆ చుట్లు పని చేయడం ఆగిపోయి బరువంతా మిగిలిన చుట్ల మీద పడుతుంది. స్ప్రింగు కొస చుట్టు విరిగి టైరుకు గుచ్చుకోవడం మేం చూస్తున్న సంగతే. స్ప్రింగు విరిగిన బండికి వారంటీ అడిగితే ముందు ఆ బఫరే చూపిస్తారు. ఆ విషయంలో కంపెనీవాళ్లను తప్పుపట్టలేం.

అలైన్‌మెంట్ మంత్రం కాదు. ఎండ్లూ బుష్‌లూ ఆడుతున్న బండికి అలైన్‌మెంట్ చేస్తే షాపు గేటు దాటేలోపే కొలత మారిపోతుంది. చాలా చిన్న కార్లలో ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే సరిచేయగలం. క్యాంబర్‌కు (ఎదురుగా చూస్తే చక్రం వాలు) సర్దుబాటు ఉండదు. కాబట్టి షాపులో ‘క్యాంబర్ కలవడం లేదు సార్, అది అంతే’ అంటే అక్కడితో వదిలేయకండి. స్ట్రటో, నకిలో, ఆర్మో వంగింది అని మిషన్ చెబుతున్నట్టు. ముందు కొలత, తర్వాత కొలత ఉన్న ప్రింటు తీసుకుని దాచుకోండి. ఇక బండి ఒక పక్కకు లాగితే ముందు నాలుగు టైర్ల గాలి చూడండి. తర్వాత ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి చూడండి. లాగుడు దిక్కు మారితే తప్పు టైరుది. కొంత దూరం నడిపాక ఒక చక్రం మాత్రమే చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బ్రేకు కాలిపర్ పట్టేసింది. ఇవేవీ చూడకుండా ర్యాక్ మార్చమనే షెడ్డుకు దండం పెట్టి రండి.

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ హఠాత్తుగా బరువెక్కిందన్న ఫిర్యాదు ఇప్పుడు ఎక్కువైంది. సందుల్లో పార్కింగ్ చేస్తూ, బండి కదలకుండా స్టీరింగును పదేపదే కొస దాకా తిప్పితే మోటారు వేడెక్కి, కాలిపోకుండా తనంతట తానే సాయం తగ్గించుకుంటుంది. కాసేపాగితే తేలికవుతుంది. అది లోపం కాదు. దీపం వెలిగి బరువెక్కితే మాత్రం ముందు బ్యాటరీ చూడాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, తిరుగుతున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. టెర్మినళ్లు, ఎర్త్ వైరు పచ్చబడ్డాయేమో చూడాలి. 2021 నవంబర్ వరదల్లో తిరుపతిలో నీళ్లలో నిలిచిన బండ్లను సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు కనెక్టర్లు విప్పించి చూసుకోవడం మేలు. బ్యాటరీ విప్పే ముందే స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్ రాయించుకోండి. విప్పితే కొన్ని కార్లలో ఆ కోడ్ చెరిగిపోతుంది, ఫిర్యాదుకు ఆధారం పోతుంది. సాయం పోయినా స్టీరింగుకూ చక్రాలకూ ఉన్న ఇనుప బంధం పోలేదని గుర్తుంచుకోండి. రెండు చేతులా గట్టిగా పట్టి తిప్పితే తిరుగుతుంది.

ఘాట్ రోడ్డు మాట ఇక్కడ రాకుండా ఉండదు. తిరుమల దిగే పాత ఘాట్ 1944 నాటిది, 36 మలుపులు. కొండ ఎక్కే వేరే ఘాట్‌లో 28 నిమిషాలు, ఈ దిగే ఘాట్‌లో 40 నిమిషాల కంటే తక్కువ పట్టకూడదని నియమం పెట్టింది వేగం తగ్గడానికే. పెట్రోలు మిగులుతుందని దిగేటప్పుడు ఇంజిన్ ఆపేవాళ్లు, న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం ఉండదు. తొక్కే బలాన్ని పెంచే బ్రేకు బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది. తాళం చెవి బయటికి లాగితే ఇక స్టీరింగ్ లాక్ పడుతుంది. అలా జరిగితే వార్తలో ‘స్టీరింగ్ పట్టేసింది’ అనే వస్తుంది, నిజమే పట్టేసింది. భాకరాపేట, మొగిలి ఘాట్లకూ ఇదే వర్తిస్తుంది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. అయిదుగురి బండిలో ఏడుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెడితే వెనక దిగి ముందు లేస్తుంది. ముందు చక్రాల పట్టు తగ్గి స్టీరింగ్ తేలుతున్నట్టుంటుంది. డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద నిండు బరువుకు వేరే గాలి లెక్క ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే అంత పెట్టించండి. కొండెక్కాక వేడి టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీయించొద్దు.

స్పీడ్ బ్రేకరు మీద చక్రం ఎక్కేదాకా బ్రేకు తొక్కి ఉంచడం ఇంకో చెడ్డ అలవాటు. బ్రేకు వేస్తే ముందు స్ప్రింగు అప్పటికే అణిగి ఉంటుంది. దెబ్బ నేరుగా బంప్ స్టాపుకూ (సస్పెన్షన్ చివరి రబ్బరు అడ్డు), మౌంటింగుకూ తగులుతుంది. ముందుగానే వేగం తగ్గించి, ఎక్కే క్షణానికి బ్రేకు వదిలేయాలి. మన ఊళ్లలో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు కనిపించేసరికే ఆలస్యమైపోతుందన్నది వేరే ఫిర్యాదు, దానికి మునిసిపాలిటీయే జవాబు చెప్పాలి.

ఇప్పుడు అసలు కంపెనీ లోపం ఉన్న కేసులు. అవీ ఉన్నాయి, కంపెనీలే ఒప్పుకున్నవి. 2023 జులైలో మారుతి సుజుకి ఎస్‌-ప్రెస్సో, ఈకో బండ్లు 87,599 వెనక్కి పిలిచింది, టై రాడ్‌లో లోపం ఉండొచ్చని. 2024 ఆగస్టులో 2,555 ఆల్టో కె10 బండ్లను స్టీరింగ్ గేర్ బాక్సు కోసం పిలిచి, పార్టు మార్చేదాకా నడపొద్దని చెప్పింది. ఇలాంటి పని ఉచితం. చిక్కల్లా రెండో చేతి యజమానులతోనే. కంపెనీ సమాచారం పాత యజమానికి పోతుంది. ఆర్సీ మీదున్న 17 అక్షరాల చాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూస్తే మీ బండి జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110-ఎ సెక్షను కింద, 2021 ఏప్రిల్ 1 నుంచి ఏడేళ్లు దాటని బండ్ల భద్రతా లోపాల మీద యజమానులు కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ మోడల్ అమ్మకాలను బట్టి పెట్టిన సంఖ్యకు ఫిర్యాదులు చేరితే ప్రభుత్వం కదులుతుంది. రీకాల్‌కు ఆదేశించాల్సి వస్తే జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా. ఒక్కరు వాట్సాప్‌లో తిట్టుకుంటే ఆ సంఖ్యలోకి రాదు.

వినియోగదారుల కమిషన్లు చిత్తూరులోనూ ఉన్నాయి, తిరుపతిలోనూ ఉన్నాయి. కారు ఎక్కడ కొన్నా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. 50 లక్షల దాకా చెల్లించి కొన్నదైతే జిల్లా కమిషనే వింటుంది. గడువు రెండేళ్లు. రుసుము 5 లక్షల దాకా లేదు, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, ఆపైన 50 లక్షల దాకా 1,000 రూపాయలు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేసినా కొన్ని అక్కడే తెగిపోతాయి.

కానీ అక్కడ గెలిపించేది కాగితమే. జాబ్ కార్డులో ‘శబ్దం వస్తోంది’ అని రాస్తే పనికిరాదు. ‘20, 30 వేగంలో, చిన్న గుంతల మీద, ఎడమ ముందు చక్రం దగ్గర, ఉదయం మొదటిసారి తీసినప్పుడు’ అని రాయించండి. కిలోమీటర్లు, తేదీ ఉండాలి. పక్కన టెక్నీషియన్‌ను కూర్చోబెట్టుకుని శబ్దం వినిపించి, ‘విన్నాం’ అని రాయించండి. లోపం దొరకలేదంటే ఏయే జాయింట్లు ఎలా చూశారో రాయమనండి. మార్చిన పాత పార్టు వెనక్కి అడగండి. వారంటీలో మార్చినవి కంపెనీకి పంపాలంటారు. అప్పుడు నాలుగు వైపుల నుంచీ ఫొటోలైనా తీసుకోండి. బుష్‌లను చాలా కంపెనీలు అరిగే సామానులో కలిపి వారంటీ ఇవ్వవు, పుస్తకం చివరి పేజీలు చదవండి. ఇక ప్రమాదమే జరిగితే, విరిగిన ముక్కల్ని కడగొద్దు, ఒకదానికొకటి అతికించి చూడొద్దు. విరిగిన మొహం అంతా మెరుస్తుంటే అప్పుడు తగిలిన దెబ్బకు విరిగింది. సగం నల్లగా, తుప్పుగా ఉండి సగం మెరుస్తుంటే పగులు ఎప్పటి నుంచో ఉంది. కేసు ఎటు తిరిగేదీ ఆ మొహం చెబుతుంది. పొడి కవరులో చుట్టి ఉంచండి. బీమావాళ్లు విరిగిన జాయింటుకు డబ్బివ్వరు, యంత్రం చెడటం పాలసీ బయటి సంగతి. దానివల్ల జరిగిన ప్రమాదంలో బాడీకి తగిలిన దెబ్బల సంగతి వేరు, అవి అడగాల్సిందే. సర్వేయరు చూడకముందే విప్పించేస్తే ఆ క్లెయిమూ పోతుంది, కేసుకు ఆధారమూ పోతుంది.

చివరిగా మూడు విన్నపాలు. మీ విలేకరులకు: ప్రమాదం జరిగిన రోజు ‘స్టీరింగ్ ఫెయిల్’ అని రాసేముందు డ్రైవరు చెప్పాడా, పోలీసులు చెప్పారా తేల్చి రాయండి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదిక వచ్చాక అందులో ఏముందో అదే పేజీలో వేయండి. సాధారణంగా ఆ రెండో వార్త రానే రాదు. రవాణా శాఖకు: ట్యాక్సీల ఫిట్‌నెస్‌లో ముందు చక్రాలు ఎత్తి, 98వ నిబంధనలోని రబ్బరు టోపీలనూ పిన్ను లాకులనూ ఒక్కొక్కటిగా చూసి రిపోర్టులో రాయాలి. మా తోటి మెకానిక్‌లకు: బుష్ బోల్టు బండి దించాకే బిగించండి, బిగించిన టార్క్ బిల్లు మీద రాయండి.

ఇట్లు,
కొందరు కార్ మెకానిక్‌లు,
తిరుపతి, చిత్తూరు